తోలు లేని రెక్కకు కరకర ఎక్కడిది?

కోడిరెక్కలను పొగలో వండి, కరకరలాడుతూ నోరు మండేంత కారంగా తినాలన్న కోరిక ఇప్పుడు అమెరికాలోని తెలుగువారి పెరళ్ళకే పరిమితం కాలేదు. నంద్యాలలోనూ, ఆళ్ళగడ్డలోనూ మేడమీద ఖాళీ స్థలమున్న ప్రతి భోజనప్రియుడికీ ఒక స్మోకర్ కొనాలన్న ఆలోచన కలుగుతున్నది. మంచిదే. అయితే అందరూ అడిగే ప్రశ్నలు రెండే: ఏ పెట్టె కొనాలి? ఏ సాసు పూయాలి? నా ఉద్దేశంలో ఈ రెండూ తరువాతి ప్రశ్నలు. మొదటి ప్రశ్న అడగవలసింది యంత్రాలమ్మే అంగడిలో కాదు, చికెన్ అంగడిలో. "తోలుతో ఇస్తావా, తోలు తీసి ఇస్తావా?" అన్నదే ఆ ప్రశ్న. దానికి సరైన జవాబు దొరకనంతవరకూ ఎంత ఖరీదైన స్మోకరైనా ఉత్త పొగగొట్టమే.

కరకర అనే గుణం మాంసంలో లేదు, చర్మంలో ఉంది. కోడిచర్మంలో ఉండేవి మూడు: నీరు, కొవ్వు, కొల్లాజెన్ అనే మాంసకృత్తు. వేడి తగిలినప్పుడు కొల్లాజెన్ మెత్తబడి జిగురుగా మారుతుంది, కొవ్వు కరిగి కిందికి జారుతుంది, నీరు ఆవిరవుతుంది. మిగిలిన పలుచని పొర ఎండి, ఎర్రబడి, పెళుసెక్కుతుంది. పైన తడి ఉన్నంతసేపూ చర్మం వేడి నూరు డిగ్రీలు దాటదు. అది దాటి 140 డిగ్రీల దరిదాపులకు వస్తే తప్ప ఆ ఎరుపూ రాదు, ఆ కమ్మదనమూ రాదు. తోలు ఒలిచిన రెక్కను పొగలో పెడితే జరిగేది ఒక్కటే... అది ఎండి, నారనారగా తయారవుతుంది. అందులో వంటవాడి తప్పేమీ లేదు, ముడిసరుకులోనే లోపముంది.

ఈ సంగతి మన పల్లెలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో నాటుకోడిని వండేవారు ఈకలు పీకిన తరువాత ఒంటినిండా పసుపు పట్టించి, వరిగడ్డి మంటమీదో జొన్నచొప్ప మంటమీదో అటూ ఇటూ తిప్పి కాలుస్తారు. పీకగా మిగిలిన నూగు కమురుకొని పోతుంది. చర్మం బిగిసి, తడి ఆరి, బంగారు రంగుకు వస్తుంది. కొద్దిపాటి గడ్డిపొగ ఆ చర్మానికి పడుతుంది. తరువాత కడిగి, తోలుతోనే ముక్కలు కొట్టి పులుసు పెడతారు. రాగిసంగటిలో నంజుకునే ఆ పులుసుకు ఉండే ప్రత్యేకమైన వాసనలో సగం మసాలాది, సగం ఆ మంటది. ఇది స్మోకర్ వంట కాదు, నిజమే. కొద్ది నిమిషాల సెగ ఎక్కడ, గంటసేపటి పొగ ఎక్కడ! కానీ సూత్రం ఒక్కటే. పక్షికి రుచి చర్మంలో ఉంటుంది, దాన్ని నిప్పుకు చూపించాలి.

మరి ఆ చర్మం మన వంటింటినుంచి ఎప్పుడు వెళ్ళిపోయింది? కోడి పెరటినుంచి ఫారానికి మారిన తరువాత. మన తెలుగువాడే అయిన బి.వి. రావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన నాటినుంచి కోళ్ళపెంపకం పెద్ద పరిశ్రమ అయింది. పండుగకో, అల్లుడు వచ్చినప్పుడో దొరికే కోడికూర ప్రతి ఆదివారానికీ అందింది. అది మేలే, కాదనను. కానీ అంగడిలో గిరాకీ పెరిగినప్పుడు ఈకలు ఒక్కొక్కటీ పీకేకంటే తోలుతో సహా ఒక్క గుంజుకు ఒలిచెయ్యడం సులువు. ఇప్పుడు మన ఊళ్ళ ధరల పలకలమీద రెండు వరుసలుంటాయి: స్కిన్‌లెస్ ఒక ధర, విత్ స్కిన్ ఒక ధర. తోలుతో ఉన్నది చవక. చవకైనది కనుక అది తక్కువదన్న భావన మెల్లగా స్థిరపడింది.

ఇక్కడే ఒక విచిత్రం గమనించండి. తోలు పారేసిన చోటనే కరకర కావాలన్న కోరిక పెరిగింది. దాన్ని తీర్చడానికి వచ్చింది చికెన్ లాలీపాప్. రెక్కలో భుజం వైపు ముక్కకు మాంసాన్ని ఒక కొసకు తోసి, మైదా, మొక్కజొన్న పిండి కలిపిన జారులో ముంచి, కాగే నూనెలో వేస్తారు. ఆ పిండిపూత ఏమిటి? ఒలిచేసిన తోలు స్థానంలో తొడిగిన కృత్రిమ చర్మమే కదా! తోలులో కొవ్వుందని భయపడి తీసేసి, నూనె పీల్చే పిండితోలు తొడుక్కుంటున్నాం. చాలాచోట్ల దానికి ఎర్రరంగు అదనం. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబులలో కృత్రిమ రంగులను నిషేధించిందంటే ఆ అలవాటు ఎంతదూరం వెళ్ళిందో ఊహించుకోవచ్చు.

కారపు రెక్కలకు పేరు తెచ్చినది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం. 1964లో అక్కడి యాంకర్ బార్‌లో టెరెసా బెల్లిసిమో అనే ఆవిడ వాటిని మొదట వడ్డించిందని చెప్పుకుంటారు. అంతవరకూ రెక్కలంటే చారు కాచుకోవడానికి పనికివచ్చే తక్కువరకం ముక్కలే. ఆ వంటకంలో పిండిపూత లేదు. తోలుతో ఉన్న రెక్కను నూనెలో వేయించి, వెన్న కలిపిన కారపు సాసులో దొర్లించడమే. మనం వాళ్ళ సాసు సీసాను దిగుమతి చేసుకున్నాం గానీ, తోలును ఉంచిన ఆ తెలివిని మాత్రం సముద్రానికి అవతలే వదిలేశాం.

సరే, తోలుతో రెక్కలు దొరికాయనుకుందాం. స్మోకర్ ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలియాలి. 110, 120 డిగ్రీల మెల్లని వేడిలో పొగ బాగా పడుతుంది, మాంసం ఉడుకుతుంది, కానీ చర్మం రబ్బరులా సాగుతుంది. కనుక పని రెండు అంచెలుగా జరగాలి. కిలో రెక్కలను తడి లేకుండా గుడ్డతో అద్ది, రెండు చెంచాల ఉప్పు, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడర్ పట్టించి, మూతలేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. వంటసోడా వేరు, ఇది వేరు. సోడా వేస్తే సబ్బురుచి తగులుతుంది. బేకింగ్ పౌడర్ చర్మంలోని క్షారగుణాన్ని కొద్దిగా పెంచి త్వరగా ఎర్రబడనిస్తుంది, ఫ్రిజ్‌లోని పొడిగాలి తడిని లాగేస్తుంది. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కదా అని పచ్చిమాంసాన్ని బయట ఆరబెట్టే సాహసం మాత్రం చేయవద్దు. మరునాడు ముప్పావుగంట పొగలో ఉంచి, తరువాత నిప్పు పెంచి 200 డిగ్రీలకు పైన పదిహేను, ఇరవై నిమిషాలు కాల్చాలి. 74 డిగ్రీలకు మాంసం తినడానికి యోగ్యమవుతుంది గానీ, రెక్క 85 దాటితేనే ఎముక విడిచి మెత్తగా వస్తుంది.

కట్టె కోసం విదేశీ చెక్కముక్కల సంచీ అవసరం లేదు. టెక్సాస్‌వారు గొప్పగా చెప్పుకునే మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దాయాదే! మన బీళ్ళనూ చెరువుగట్లనూ ఆక్రమించిన ఆ కంపచెట్టును తిట్టుకుంటూ బతుకుతున్నాం. దాని ఎండు కొమ్మ నాలుగు ముక్కలు చాలు. పొగ ఘాటు తక్కువ కావాలంటే మామిడికట్టె ఉంది. రంగు పూసిన చెక్క పనికిరాదు. ఇక నల్లమల పులుల అడవి, అక్కడి పుల్ల మన పొయ్యికి కాదు. దట్టమైన తెల్లపొగ చేదు తెస్తుంది. గాలి బాగా ఆడి, కంటికి కనీకనపడని పలుచని పొగ రావాలి.

కారం చివరికి. ముందే పట్టిస్తే ఎక్కువ వేడికి మాడి చేదెక్కుతుంది. ఇందుకు మన సీమ ఎర్రకారాన్ని మించినది నాకు కనపడలేదు. దోసెమీద పూసుకునేదే... ఎండుమిర్చి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు నూరిన ముద్ద. రంగుకు బ్యాడగి మిరప, మంటకు గుంటూరు మిరప కలుపుకుంటే సీసా రంగుతో పనిలేదు. కానీ పచ్చిముద్ద పూస్తే అందులోని తడికి అంతసేపు సంపాదించిన కరకర క్షణంలో పోతుంది. నేతిలో తడి ఇగిరేదాకా వేయించి, వేడివేడి రెక్కలను అందులో దొర్లించి వెంటనే తినాలి. మిరప మంట కొవ్వులో కరుగుతుంది, నెయ్యి ఆ మంటను ప్రతి ముక్కకూ సమంగా పంచుతుంది.

తోలు తింటే కొవ్వు కదా అంటారు పెద్దలు. అవును, ఫారంకోడి తోలులో కొవ్వెక్కువ. రోజూ తినేది కాదిది. పొగ, మాడు కూడా మితంగానే ఉండాలి, కారిన కొవ్వు నేరుగా నిప్పులమీద పడకుండా కింద పళ్ళెం పెట్టాలి. కానీ పోల్చవలసింది ఉడికించిన కూరగాయలతో కాదు, నూనెలో మునిగి తేలిన లాలీపాప్‌తో. నెమ్మదిగా కాల్చిన రెక్కనుంచి కొవ్వు బయటికి కారుతుంది, పిండిపూతలోకి నూనె లోపలికి వెళ్తుంది. ఏది నయమో మీరే చెప్పండి.

నా బాధ రెక్కల గురించి మాత్రమే కాదు. పసుపు రాసి, గడ్డిమంటమీద కోడిని మాడనీయకుండా తిప్పడం ఒక చేతివిద్య. అది తెలిసినవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, కానీ వారి పిల్లలు స్కిన్‌లెస్ కొంటున్నారు. మన చేతిలో ఉన్న విద్యను నామోషీగా వదిలేసి, అదే విద్యను మరో దేశపు ఇనుపపెట్టెలో పెట్టి అమ్మితే వేలు పోసి కొనడం నాకు న్యాయంగా తోచదు. స్మోకర్ కొనండి, వద్దనను. దానికంటే ముందు వచ్చే ఆదివారం అంగడిలో తోలుతో రెక్కలు అడగండి. నలుగురు అడిగితే ఐదోవాడికి అడగకుండానే దొరుకుతాయి.