ఫ్రీ రీఫిల్‌నీ మారు వడ్డననీ ఒకే గాటన కట్టకండి

మన భాషలో "మారు" అనే మాట నాకు భలే ఇష్టం. మూడు మార్లు అంటే మూడుసార్లు. విస్తరి ముందు కూర్చున్న మనిషికి రెండోసారి వడ్డించేది మారు. "మారు పెట్టించుకోకుండానే లేస్తున్నావేంటే" అని మా అమ్మమ్మ కేకేయకుండా ఆ ఇంట్లో ఒక్క భోజనం ముగిసినట్టు నాకు గుర్తు లేదు. మొన్న శ్రావణ శుక్రవారం పేరంటంలో ఒకావిడ, ఈమధ్యే అమెరికాలో కొడుకు దగ్గర ఉండి వచ్చింది లెండి, "అక్కడ కూల్‌డ్రింక్ ఒక్కసారి కొంటే ఎన్నిసార్లైనా పోసుకోవచ్చు, అచ్చం మన మారు వడ్డన లాగే" అని మురిసిపోతూ చెప్పింది. అందరూ అవునవునన్నారు. నాకు మాత్రం ఆ పోలిక మింగుడు పడలేదు. వాయినం చేతిలో పట్టుకుని వాదించలేం కదా, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఏడాది వేసవిలో మేము కూడా డాలస్‌లో మా వదిన వాళ్లింట్లో ఆరు వారాలు ఉన్నాం. వదిన అంటే మా వారి అక్కయ్య. అక్కడ నేను చూసినంతలో ఈ రీఫిల్ రెండు రకాలు. బర్గర్లు, టాకోలు అమ్మే చోట డబ్బులు కట్టించుకుని ఖాళీ కప్పు చేతిలో పెడతారు. పక్కనే పెద్ద మెషిన్ ఉంటుంది. వెళ్లి, మీట నొక్కి, నీకు కావలసింది నువ్వే పట్టుకోవాలి. అయిపోతే మళ్లీ పట్టుకోవాలి. అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. రెండో రకం, కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంటు. అక్కడ మనిషి వచ్చి గ్లాసు నింపుతుంది. ఈ రెండింటికీ పేరొక్కటే గానీ నా లెక్కలో రెండూ వేరు.

ముందు మెషిన్ సంగతి చెప్తాను. అందులోకి డ్రింకు సీసాల్లో రాదు. అట్టపెట్టెలో ఉన్న సంచిలో చిక్కటి పాకం వస్తుంది. ఒక వంతు పాకానికి సుమారు ఐదు వంతుల గ్యాసు నీళ్లు కలిసి కప్పులో పడతాయి. మనం ఇంట్లో నన్నారి షర్బత్ కలుపుకున్నట్టే. పైగా సగం కప్పు ఐసే. దుకాణానికి అయ్యే ఖర్చు కప్పుకి మనం కట్టిన దాంట్లో చిన్న ముక్క, అందుకే రెండోసారీ మూడోసారీ పట్టుకున్నా వాళ్లకి నష్టం రాదు. కప్పులు నింపి ఇవ్వడానికి ఒక మనిషిని నిలబెట్టే పనీ తప్పుతుంది. టాకో బెల్ వాళ్లు 1988లో ఇది మొదలుపెట్టారట, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఇంత చేసి అది దాతృత్వం కాదు, వ్యాపారం. వ్యాపారం చేసుకోవడంలో తప్పు లేదు. దాన్ని తీసుకొచ్చి మా అమ్మమ్మ గరిటె పక్కన పెట్టడమే నాకు నచ్చనిది.

మా మేనల్లుడికి పదిహేనేళ్లు. మంచి పిల్లాడు, నా చేతి పప్పుచారు అంటే ప్రాణం. వాడు తీసుకునే కప్పు ముప్ఫై రెండు ఔన్సులది, అంటే లీటరుకి కాస్త తక్కువ. ఒక మధ్యాహ్నం నా కళ్ల ముందే మూడుసార్లు నింపుకున్నాడు. "చాలు నాన్నా" అంటే, "అత్తా, ఫ్రీయే కదా! ఒక్కసారి తాగినా నాలుగుసార్లు తాగినా డబ్బులు అవే" అన్నాడు. లెక్కల్లో దిట్ట వాడు. సరే, నేనూ లెక్కే వేశాను. అక్కడి 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల పంచదార ఉంటుంది. టీ స్పూను నాలుగు గ్రాములు అనుకుంటే దాదాపు పది స్పూన్లు. వాడి కప్పులో సగం ఐసే అనుకున్నా ఒక్కో కప్పుకి పన్నెండు, పదమూడు స్పూన్లు. మూడు కప్పులకి ఎంతో మీరే వేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పంచదార మనం తినే మొత్తం శక్తిలో పది శాతం దాటకూడదనీ, ఐదు శాతానికి దించితే ఇంకా మంచిదనీ చెబుతోంది. ఐదు శాతం అంటే పెద్దవాళ్లకి రోజుకి సుమారు ఆరు స్పూన్లు. టీ కాఫీలతో సహా.

ఇది నాకు ఎందుకంత పట్టిందంటే, మా మామగారికి షుగర్. వేలికి దెబ్బ తగిలి మానక, చివరికి ఆ వేలే తీసేశారు. కట్టు మార్చింది నేనే, ఆ నాలుగు నెలలూ. మా వదినకి నలభై రెండో ఏట వచ్చింది. అదే రక్తం ఆ పిల్లాడిది. వదినని అడిగితే, "బయటికి వెళ్లినప్పుడేగా, పోనీలే" అంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు, వారంలో మూడు రోజులు తిండి బయటే. వదినని ఏమీ అనలేను. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లాణ్ణి ఈత క్లాసుకి దింపి, మళ్లీ ఎక్కించుకుని వచ్చే ఆడదానికి ఓపిక ఎంత మిగులుతుందో నాకు తెలుసు. కప్పు కప్పుకీ అడ్డం పడి తగాదా పెట్టుకోమని ఆవిడకి ఎలా చెప్పను?

మారు వడ్డనకీ దీనికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. మారు వడ్డించే మనిషి విస్తరి చూస్తుంది, మొహమూ చూస్తుంది. మా అమ్మమ్మ బలవంతం పెట్టేది నిజమే గానీ, ఎవరికి ఏది బలవంతం పెట్టాలో ఆవిడకి తెలుసు. షుగర్ ఉన్న మా తాతయ్య విస్తరి దగ్గరకి పొట్లకాయ కూర మూడుసార్లు వచ్చేది, పరమాన్నం గిన్నె మాత్రం ఒక్కసారే, అదీ అర గరిటె. ఆయన చెయ్యి చాచినా గిన్నె ముందుకు పోయేది. మెషిన్‌కి ఆ చూపు ఎక్కడిది?

ఇక రెండో రకం గురించి. నాకు దాని మీద కోపం లేదు. ఇంకా చెప్పాలంటే ప్రేమ. ఒక సాయంత్రం భోజనానికి వెళ్తే, నేను చక్కెర లేని ఐస్ టీ తెప్పించుకున్నాను. సగం తాగానో లేదో ఒక పెద్దావిడ, నాకంటే పదేళ్లు పెద్దదే అయ్యుంటుంది, కూజా పట్టుకొచ్చి నింపి వెళ్లింది. మళ్లీ సగం కాగానే మళ్లీ వచ్చింది. మీకు నవ్వు రావచ్చు గానీ, పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అడగకుండా నా గ్లాసు నింపిన మనిషి ఆవిడే. మనింట్లో అందరికీ మారు పెట్టేది మనమే కదా. మనం కూర్చునేసరికి కూర గిన్నెలో అడుగు కనిపిస్తుంటుంది, మంచినీళ్లకి కూడా మనమే లేవాలి. ఇది చదువుతున్న వాళ్లలో నిలబడే తినేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

బిల్లు వచ్చాక మా వారు, "రీఫిల్ ఫ్రీ అన్నారుగా, మళ్లీ దానికి టిప్పేంటి" అన్నారు. అప్పుడు మా వదిన భర్త అన్నయ్యగారు చెప్పారు. టిప్పులు వచ్చే పనివాళ్లకి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలట. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనం రాకపోతే ఆ లోటు మాత్రం భర్తీ చేయాలి. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు, టెక్సస్‌లోనూ అదే. అంటే ఆ పెద్దావిడ నా టేబుల్‌కి నాలుగు చక్కర్లు కొట్టింది హోటలు జీతం మీద కాదు, నా చేతి మీద. టీ ఫ్రీ కావచ్చు, ఆవిడ నడక ఫ్రీ కాదు. మీలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకి ఒక్కటే మాట: రూపాయల్లోకి మార్చి గుండెలు బాదుకోకుండా ఆ టిప్పు పెట్టి రండి.

ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి తీపి డ్రింకులకి హద్దులేని ఫ్రీ రీఫిల్ ఇవ్వకూడదని నిషేధించారు. ఇంగ్లండులో పెద్ద రెస్టారెంట్లకి 2025 అక్టోబరు నుంచి అలాంటి నియమమే వచ్చింది. మా వారికి ఇది అస్సలు నచ్చలేదు. "ఎవరి గ్లాసులో ఏం పోసుకోవాలో సర్కారు చెప్పాలా?" అంటారు. న్యూయార్కులో 2012లో పెద్ద కప్పుల మీద హద్దు పెట్టబోతే, 2014లో ఆ రాష్ట్ర పెద్ద కోర్టు కొట్టేసిందని గుర్తుచేశారు కూడా. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ రెండో గ్లాసు తాగొద్దని ఈ చట్టాలు అనడం లేదు, దానికి డబ్బులు కట్టమంటున్నాయి. జేబులోంచి డబ్బు తీసేటప్పుడు పదిహేనేళ్ల పిల్లాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. అమ్మమ్మ లేని చోట ఆ క్షణమైనా ఉంటే చాలు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. అదే ఫ్రాన్స్‌లో భోజనానికి వచ్చినవాళ్లు అడిగితే కుళాయి నీళ్లు కూజాలో ఉచితంగా ఇవ్వాలి. ఆ సంగతి కనబడేలా రాసి పెట్టాలని కూడా నియమం ఉంది. పంచదార నీళ్లకి డబ్బు, మంచినీళ్లు ఫ్రీ.

మన దగ్గర రోజురోజుకీ తిరగబడుతోంది. మాల్‌కి వెళ్తే పాప్‌కార్న్ డబ్బాకీ కూల్‌డ్రింకు కప్పుకీ రీఫిల్ ఫ్రీ అని బోర్డు. పిల్లలు సినిమా సగంలో డబ్బా పట్టుకుని పరుగు. అదే ఏసీ రెస్టారెంటులో కూర్చోగానే "రెగ్యులర్ వాటరా మేడం, బాటిలా?" అని అడుగుతారు. ఆ "రెగ్యులర్" అనేటప్పుడు గొంతు తగ్గుతుంది చూడండి, ఏదో అప్పు అడిగినట్టు. కొన్నిచోట్ల అదీ లేదు, అడక్కుండానే సీసా మూత తీసేస్తారు. ఆ సీసా మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకున్నా, కూర్చోబెట్టి సేవ చేస్తున్నారు కాబట్టి హోటళ్లకి చెల్లుతుందని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. ఎండాకాలం వస్తే వీధి చివర చలివేంద్రం పెట్టి, కుండలో నీళ్లు, మజ్జిగ దారిన పోయేవాళ్లకి పోసే ఊళ్లు మనవి!

టిఫిన్ సెంటర్లలో సాంబారు రెండోసారి అడిగితే పది రూపాయలు అంటున్నారని చాలామంది తిట్టుకుంటారు. నేను తిట్టుకోను. కందిపప్పు ధర మనకి తెలియంది కాదు, ఆ బకెట్ నిండా సాంబారు కాచిన మనిషి పొద్దున్న నాలుగింటికి లేచి ఉంటుంది. పది కాదు, పదిహేను తీసుకోమనండి. నీళ్ల జగ్గు మాత్రం బల్ల మీద ఉండాలి, అడక్కుండానే.

మేము ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా సీసా మూత మీద చెయ్యి పడకముందే "జగ్గులో నీళ్లు తెండి నాయనా" అంటాను. మా అమ్మాయికి మొదట్లో నామోషీ. పోయిన ఆదివారం నేను అలా అంటుంటే, పక్క టేబుల్ మీద ముగ్గురు పిల్లలతో కూర్చున్న ఒకావిడ కూడా ఇంకా తెరవని తన రెండు సీసాలూ వెనక్కి ఇచ్చేసి, "మాకూ జగ్గే" అంది. ఆ కుర్రాడు రెండు జగ్గులు తెచ్చాడు. స్టీలువి, చల్లగా ఉన్నాయి.