పడవకు పద్దుంది, గంపకు లేదు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వరంగల్ మునిగింది. సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మా ఊళ్ళో సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. చుట్టుపక్కల పల్లెల్లో కోతకొచ్చిన వరి నేలకొరిగింది. పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. ఆ వారంలోనే ఒక కౌలు రైతు ఇంటికి వెళ్ళాను. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు పట్టాదారు పాసుపుస్తకం అడిగారట. "భూమి పట్నంల ఉండే సారుది. పాసుబుక్కు ఆయన దగ్గరనే ఉంటది. నాటేసింది నేను, కలుపు తీసింది నేను. కాయితం లేకుంటే నా కష్టం గూడ లేనట్టేనా మేడం?" అని ఆ ఇంటామె అడిగింది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం గోదావరి సముద్రంలో కలిసే చోట, ఒక మత్స్యకార పల్లెలో ఇదే ప్రశ్నను ఇంకో యాసలో విన్నాను. "మా ఆయన వలకి రాశారండీ. నా ఎండు చేపలు ఏడు గంపలు కొట్టుకుపోయాయి. ఆటిని ఎక్కడా రాయలేదండి. అయ్యి నష్టం కాదాండీ?"

ఆ ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. ఇద్దరినీ లెక్కలోంచి తీసేసిన చెయ్యి మాత్రం ఒక్కటే. తుపాను ప్రకృతి వైపరీత్యం కావచ్చు. తుపాను తర్వాత ఏది నష్టం, ఎవరిది నష్టం అని తేల్చే పద్ధతి మాత్రం ప్రకృతి చేసింది కాదు. దాన్ని మనుషులు రాశారు. ఆస్తి ఎవరి పేరున ఉంటే నష్టం వాళ్ళదే అన్న సూత్రం మీద రాశారు. ఆస్తి ఎవరి పేరున ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మన కోస్తా గుండె పట్టుకుంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ గాలివాన, 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్. దివిసీమలో పది వేల మంది చనిపోయారని ప్రభుత్వ లెక్కే చెప్పింది. ఆ తర్వాత హెచ్చరికలు మెరుగుపడ్డాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి, జనాన్ని ముందుగా తరలించడం నేర్చుకున్నారు. ప్రాణనష్టం బాగా తగ్గింది. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకుందాం. కానీ ప్రాణంతో మిగిలిన స్త్రీ మర్నాటి నుంచి ఎలా బతుకుతుంది అన్నది మాత్రం ఇప్పటికీ ఎవరి బాధ్యతా కాదు.

విపత్తు సాయం నిబంధనలు తీసి చూడండి. పంటకు హెక్టారు లెక్కన రేటుంది, అదీ మూడో వంతు పంట పోతేనే. పడవకు రేటుంది. వలకు రేటుంది. చేతివృత్తుల పనిముట్లకూ రేటుంది. అమ్ముకోవడానికి ఎండబెట్టిన చేపకు లేదు. రేవులో వేలం పాడి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే స్త్రీకి పోయిన పెట్టుబడికి పద్దే లేదు. ఆ పెట్టుబడి ఎక్కడిది? పొదుపు సంఘం అప్పు, లేదా వారం వడ్డీ అప్పు. తుపాను చేపను తీసుకుపోతుంది కానీ అప్పును తీసుకుపోదు. వేట ఆగిన రోజుల్లోనూ వడ్డీ ఆగదు. వారం తిరిగేసరికి అప్పిచ్చినవాడు వచ్చి నిలబడేది ఆమె గుమ్మంలోనే.

"జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు" రోజువారీ సాయం ఇవ్వవచ్చని అవే నిబంధనల్లో ఒక మాట ఉంది. అది చూపించి, కుటుంబానికి ఇస్తే స్త్రీకి ఇచ్చినట్టే కదా అంటారు. కాదు. కుటుంబం అంటే యజమాని, యజమాని అంటే మగవాడు అన్నది ఇంకా ఆఫీసుల్లో చెదరని నమ్మకం. భర్త వదిలేసిన స్త్రీ, అత్తింట్లో ఉంటున్న వితంతువు, పెళ్ళి కాని కూతురు ఏ కుటుంబం కింద వస్తారు? ఆ ఇంటి మగవాడు దయతలిస్తే వస్తారు, లేకపోతే లేదు. హక్కుగా అందవలసింది దయగా మారే చోటు ఇదే.

ఇంకా ఘోరం గల్లంతైనవారి భార్యల పరిస్థితి. 1996లో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి రెండు వేలకు పైనే. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి పల్లెల నుంచి వేటకు వెళ్ళిన ఎందరో తిరిగి రాలేదు. శవం దొరకని మనిషిని ఏడేళ్ళపాటు కబురు లేకపోతే తప్ప చనిపోయినట్టు భావించరాదన్నది 1872 నాటి సాక్ష్య చట్టం. 2024 జూలైలో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది. 2004 సునామీ తర్వాత, 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత ఏడేళ్ళు ఆగకుండా మరణాలు నమోదు చేసే పద్ధతి పెట్టారు. అంటే తలుచుకుంటే చెయ్యగలరు. మరి ప్రతి విపత్తుకూ ప్రత్యేక ఉత్తర్వు కోసం ఆమె ఎందుకు ఎదురు చూడాలి?

లెక్క పెడితేనే కనబడుతుంది. 1991 బంగ్లాదేశ్ తుపానులో 20 నుంచి 44 ఏళ్ళ వయసువారిలో వెయ్యికి 71 మంది స్త్రీలు, 15 మంది పురుషులు చనిపోయారు. స్త్రీలను విడిగా లెక్కించారు కాబట్టే ఈ సంగతి బయటపడింది, ప్రపంచం ఉలిక్కిపడింది. బతికినవారి నష్టాన్ని మన దగ్గర అలా విడదీసి ఎవరు రాశారు?

ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని మాత్రమే అడిగి ఊరుకుంటే నిజాయితీ కాదు. నా డాక్టరేటు కోసం నేను పట్టుకు తిరిగిన సర్వే ఫారంలో మొదటి గడి "కుటుంబ యజమాని పేరు". స్త్రీ ఎదురుగా కూర్చుని వివరాలన్నీ చెబితే, నేను వంచిన తల ఎత్తకుండా భర్త పేరు రాసుకున్నాను. మన సంస్థలు సహాయం పంచినప్పుడు వాడిన జాబితాలు ఎలా తయారయ్యాయో మీరే ఒకసారి బీరువాలోంచి తీసి చూసుకోండి.

మనం అడగవలసినవి కష్టమైనవేం కావు. నష్టం నమోదు చేసే ఫారంలో ఇంట్లోని ప్రతి వయోజన స్త్రీ పనినీ, ఆ పనిలో పోయినదాన్నీ విడిగా రాయాలి. చేపలమ్మినా, కొబ్బరి పీచు తీసినా, పట్టా లేని పొలంలో సాగు చేసినా. 2013 ఆహార భద్రతా చట్టం రేషను కార్డులో పద్దెనిమిదేళ్ళు నిండిన పెద్ద స్త్రీనే ఇంటి యజమానిగా గుర్తించింది. బియ్యానికి యజమాని అయిన మనిషి తుపాను సాయానికి ఎందుకు కాదు? డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. గల్లంతైనవారి విషయంలో శాశ్వత నిబంధన కావాలి. జాబితాను ఖరారు చేసే ముందు గ్రామసభలో స్త్రీల ఎదుట చదివి వినిపించాలి.

మన సముద్రంలో పుట్టే తుపానులకు 2004 నుంచి పేర్లు పెడుతున్నారు. మొంథా అంటే సువాసనగల పువ్వట, థాయ్‌లాండ్ ఇచ్చిన పేరు. వచ్చే గాలికీ ఒక పేరు ముందే సిద్ధంగా ఉంది. అది వచ్చేలోగా, ఏడు గంపల చేపలు పోగొట్టుకున్న ఆమె పేరు రాయడానికి ఒక గడి సిద్ధం చేద్దాం. ఆ ఫారం ముందు మన సంఘాల్లోనే తయారు చేసి, అదే పట్టుకుని కలెక్టరాఫీసుకు వెళదాం.