జాంబవంతుడి వైపు కథ ఎవరు చెబుతారు?

సూళ్లూరుపేట పక్కనే మన్నారుపోలూరు. శ్యమంతకమణి కోసం కృష్ణుడూ జాంబవంతుడూ కలబడింది ఇక్కడేనని ఆ ఊరి కథ. మల్లారి పోరాడిన ఊరు గనక పోరూరు, అదే పోలూరయిందంట. అలఘు మల్లారి కృష్ణస్వామి గుడి దానికి గుర్తు.

కథ నిజమా అబద్ధమా అని మేం తగాదా పెట్టుకోం. అందులో ఏముందో చూడమంటున్నాం. జాంబవంతుడు అడవిలో గుహలో ఉండేవాడు. సింహాన్ని చంపి మణి తెచ్చుకున్నాడు, బిడ్డకు ఆడుకోను ఇచ్చాడు. దానికోసం వచ్చినవాడితో భాగవతం లెక్కన 28 రోజులు పోరాడాడు. చివరికి మణీ పోయింది, కూతుర్నీ ఇచ్చి పంపాడు. దీన్ని భక్తి కథ అన్నారు. అడవివాడి వైపు నుంచి చెబితే ఇది ఏం కథ అవుతుందో పురాణం చెప్పే అయ్యవార్లు ఎన్నడైనా చెప్పారా?

ఇక కాళంగి ఒడ్డున చెంగాళమ్మ. ఏట్లో ఈతకు దిగిన పశువుల కాపర్లకు దొరికిన తల్లి అంటారు. ఆమె గుడికి రాత్రీ పగలూ తలుపులు వెయ్యరు. అమ్మకు తలుపు లేదు సరే, చుట్టుపక్కల ఊళ్లలో మాలమాదిగలకు తెరవని తలుపులు ఇంకా ఎన్ని ఉన్నాయో మన కార్యకర్తలు లెక్క రాయాలి. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం 1950 నుంచీ అమల్లో ఉంది.

పాత గుళ్లు పాడవుతున్నాయి, శాసనాలు మట్టిలో కలుస్తున్నాయి అని బాధపడేవాళ్లున్నారు. బాధపడాల్సిందే. 1905లోనే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. (సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022లోనే గదా.) అంత పని జరిగినా ఆ రాళ్ల మీద దొరికేది దానమిచ్చిన దొర పేరు. గుడి మాన్యం దున్నినోడి పేరు, రాయి మోసినోడి పేరు వెతికినా దొరకవు.

రాతకెక్కనిది ఎంత సులువుగా పోతుందో తూర్పున శ్రీహరికోటను చూస్తే తెలుస్తుంది. ఆ దీవి అడవి యానాదుల బతుకు. రాకెట్ల కోసం సర్కారు తీసుకుంది. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ లేచింది. ఆ తేదీ మన పిల్లలు పరీక్షల కోసం బట్టీ పడతారు. లేచిపోయిన ఊళ్ల పేర్లు, యానాదులు మొక్కిన తావుల పేర్లు వాళ్లకు ఏ అయ్యవారు చెబుతాడు?

గుడి బాగుచెయ్యమని ఊరివాళ్లు అర్జీ పెడితే మనమూ సంతకం చేద్దాం. కాకపోతే ఆ అర్జీలోనే మన వాడ అమ్మవారి రాయి, వేపచెట్టు కింద గద్దె, శ్మశానం దారి కూడా ఎక్కించాలి. అవీ పాతవే. ముందు వాటి సర్వే నెంబర్లు కనుక్కోండి, అడంగల్ నకలు తీసి దగ్గర పెట్టుకోండి. ముసలోళ్లను కూర్చోబెట్టి ఏ రాయిని ఏమంటారో, ఎవరు నాటారో అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. అక్షరం రానివాళ్లు చెబితే బడిపిల్లల చేత రాయించండి. మాకు పంపండి, ఒక్క ముక్క తియ్యకుండా వేస్తాం.