ఎం.జె. అంటే ఎవరు?

తిరుమలగిరి నుంచి జనగామ మీదుగా పట్నం పోయే మావాళ్లకి మొజంజాహీ మార్కెట్ అంటే ఐస్‌క్రీం. పెళ్లి సామానుకి పత్తర్‌గట్టీ తిరిగి తిరిగి, కాళ్లు పీకుతుంటే చివరికి పిల్లల్ని తీసుకుని అక్కడ ఆగేవాళ్లం. అందుకే ఆ కట్టడాన్ని బాగుచేస్తున్నారంటే మేమూ సంతోషించాం. 2018లో మొదలైన పని 2020 ఆగస్టుకి పూర్తయింది. కమాన్లకి అడ్డంగా దించిన రేకులు పోయినయి. బోర్డులు పోయినయి. మసిబారిన గ్రానైట్ రాయి మళ్లీ కళ్లపడింది. మంచి పనే. కాదని మేం అనం.

మా పేచీ పేరుతో.

1935లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టిన ఆ మార్కెట్‌కి ఆయన రెండో కొడుకు పేరు పెట్టారు. ఉర్దూలో ముఅజ్జం అంటే గొప్పవాడు, జాహ్ అంటే హోదా. ఆ గొప్పా పోయింది, ఆ హోదా పోయింది, ‘ఎం.జె.’ మిగిలింది. మేం పనిచేసిన ఒక పత్రికలో మొజంజాహీ అని రాసిస్తే డెస్కులో కొట్టేసి ఎం.జె. చేసేవాళ్లు. జాగా చాలదట! చాంద్రాయణగుట్టకి చాలిన జాగా!

ఇంత చిన్న విషయానికి ఇంత రగడా అంటారు సెక్యులర్ మిత్రులు. అయ్యా, మీకిది చిన్న విషయమే. బడి రిజిస్టర్లో ముహమ్మద్‌ని ‘ఎం.డి.’గా, షేక్‌ని ‘ఎస్.కె.’గా కుదించింది మమ్మల్ని. మా తాతల పేర్లు పంతులు కలంలో రెండక్షరాలై, రేషన్ కార్డుకెక్కి, ఓటరు లిస్టుకెక్కి, ఇప్పుడు మా పిల్లలే తమ పేరు ఎండీ అనుకుంటున్నారు. పేరు పొట్టిదవుతుంటే మనిషి ఎక్కడ పొట్టివాడవుతాడో మాకు తెలుసు.

ఆ మార్కెట్ దగ్గరే 1953లో కరాచీ బేకరీ మొదలైంది. పెట్టింది దేశవిభజనలో సింధ్ వదిలి వచ్చిన హిందువు. పోగొట్టుకున్న ఊరి పేరు దుకాణానికి పెట్టుకున్నాడు పాపం. 2019లో బెంగుళూరులో మూక వచ్చి బెదిరిస్తే ఆ బోర్డు మీద కరాచీ అన్న మాటకి గుడ్డ కప్పుకోవాల్సొచ్చింది. మార్కెట్ తళతళలాడిన 2020లోనే, నాలుగు నెలలు తిరక్కుండా, బల్దియా ఎన్నికల ప్రచారానికొచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి హైదరాబాద్‌ని భాగ్యనగర్ ఎందుకు చెయ్యకూడదన్నాడు. రాళ్లు వారసత్వమట, పేర్లు మాత్రం బానిసత్వమట. ఇదెక్కడి లెక్క?

నిజాం పేరు మొయ్యడానికి మీకు సిగ్గులేదా అని ఇంకో ప్రశ్న వస్తుంది. ఎప్పుడూ వస్తుంది. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. మేం నవాబుల వారసులం కాం. వాళ్ల ముని మనవలు మా తెలుగు కలిసిన ఉర్దూ విని ‘దేహాతీ’ అని నవ్వుతారు, ఊళ్లో మమ్మల్ని ‘తురకోళ్లు’ అంటారు. మా జనగామ తోవలోనే కామారెడ్డిగూడెం ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపిన షేక్ బందగీ అక్కడివాడు. నిజాం రాజ్యం ఇండియాలో కలవాలని ఉర్దూలో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ మా వృత్తివాడు. మాకు నేర్పేముందు ఈ ఇద్దర్నీ కాస్త చదవండి.

మొజంజాహీ మార్కెట్ మీద మా హక్కు నెత్తుటి వరస వల్ల వచ్చింది కాదు, శిస్తు వల్ల వచ్చింది. నల్గొండ జిల్లా రైతు, హిందువేగానీ ముసల్మానేగానీ, గింజ గింజా కొలిచి కట్టిన శిస్తు లేకుండా ఆ కమాన్లు లేవలేదు. అక్కడ తట్టలు మోసినవాళ్లూ, తోపుళ్లు పెట్టుకున్నవాళ్లూ మా తరహా వాళ్లే. 1980లలో పండ్ల మార్కెట్ కొత్తపేటకి తరలింది, తర్వాత బాటసింగారానికి. కట్టడాన్ని కాపాడే ఆత్రంలో ఆ చెమటని గుర్తుచేసుకున్నవాళ్లు తక్కువ. చిన్న దుకాణందార్లు తమ పాత మలిగీల్లో అదే కిరాయికి మిగలాలి. లేకుంటే మిగిలేది ఫోటోలకి పనికొచ్చే గోడ.

2017లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ చట్టం తెచ్చారు కదా. ఇంకా ఏం అడ్డం? బస్సు మీద, పత్రికలో, సర్కారు కాయితం మీద ఆ పేరు పూర్తిగా రాయండి. తెలుగులోనూ, ఉర్దూలోనూ. రాళ్లు కడగడానికి రెండేళ్లు పట్టింది, దీనికి పెయింటరు ఒక్క పూట చాలు.

మేమైతే మొదలుపెట్టాం. మొన్న సిటీ బస్సులో కండక్టరు ‘‘ఎంజే మార్కెట్టా?’’ అన్నాడు. ‘‘కాదన్నా, మొజంజాహీ మార్కెట్. రెండు టికెట్లు’’ అన్నాం.