మంచి కాయ మార్కెట్‌కి, తాలు కాయ పిల్లోళ్ళకా?

ఈ రోజు పంట గురించి కాదు, ఆ పంట తినాల్సిన మన పిల్లోళ్ళ గురించి రాస్తున్నా. కోపం వస్తే తిట్టండి, కానీ చివరిదాకా చదవండి.

మా చిన్నోడు మూడో తరగతి. పోయిన వారం బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి "నాయనా, ఐదు రూపాయలియ్యి" అన్నాడు. నేను శనక్కాయ మూటలు కుడుతూ ఉన్నా. జేబులో చెయ్యి పెట్టి ఇచ్చేసినా. వాడు అంగడికి పోయి చిప్స్ పాకెట్ తెచ్చుకుని, ఆ మూటల మీదే కూచుని తిన్నాడు. అప్పుడు తట్టింది నాకు. వాడు కూచున్న మూటలో ఉండేది బలం, చేతిలో ఉండే పాకెట్లో సగం గాలి.

లెక్క వేద్దాం. 2025-26కి వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ లెక్కన ఐదు రూపాయలకు సుమారు 70 గ్రాముల కాయలు. వొలిస్తే 48 గ్రాముల దాకా గింజలు వస్తాయి. అందులో మాంసకృత్తులు 11 గ్రాములకు పైనే, అంటే దాదాపు రెండు కోడిగుడ్లలో ఉండేంత. మావాడు తెచ్చిన పాకెట్ బరువు 15 గ్రాములు కూడా లేదు, మాంసకృత్తులు ఒక గ్రాము. మన సరుకు చవగ్గా అమ్ముకుని, అదే డబ్బుతో గాలి కొంటున్నాం.

రోజుకు ఐదు రూపాయలంటే ఏడాదికి 1,825. అదే డబ్బుకు ఒక పిల్లోడికి పాతిక కిలోల కాయలు. అందుకే నేను చెప్పేది ఒకటే. పంట అమ్మే ముందు పిల్లోళ్ళ మూట పక్కన పెట్టండి. బాగా ఎండిన కాయ అయితే వొలవకుండా అట్లే పెట్టండి, గింజల కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇక్కడ మనం చేసే పెద్ద తప్పు ఇంకోటుంది. ఏరేటప్పుడు మంచివి మార్కెట్‌కి పోతాయి. ముడతలు, పుచ్చులు, బూజు పట్టినవి "ఇంట్లోకే కదా" అని చాటలో మిగులుతాయి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది లివర్‌ను దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. పశువుకు పెడితే పాలలోకి కూడా దిగుతుంది. వ్యాపారి వద్దన్న గింజ మన బిడ్డకు ఎట్లా పనికొస్తుంది? రంగు మారింది, చేదుగా ఉంది అంటే వెంటనే ఉమ్మెయ్యమని పిల్లోళ్ళకు నేర్పండి.

ఇంక పాకెట్ల సంగతి. కొట్టి, తిట్టి మాన్పించాలంటే కుదరదు, చాటుగా పోయి తింటారు. నేనొక పని చేసినా. పాకెట్ వెనక ఉన్నది మావాడితోనే చదివించినా. ఏది బరువు ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలని రూలు. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే చాలు, అసలు రంగు తెలిసిపోతుంది. వాడు కూడబలుక్కుని చదివి "నాయనా, పామాయిల్ అంటే మన శనక్కాయ నూనేనా?" అన్నాడు. కాదురా, అది ఎక్కువగా ఇండోనేషియా, మలేషియా నుంచి వస్తుంది అని చెప్పినా. నూనె గింజలు పండించే ఇంట్లో ఉండి అంత దూరపు నూనె తింటున్నామా అని వాడే నవ్వినాడు. మనకు ఇంగ్లీషు రాకపోయినా పిల్లోళ్ళకు వస్తుంది కదా, వాళ్ళనే చదివి మనకు చెప్పమనండి. వాళ్ళు కనుక్కున్నది వాళ్ళు మర్చిపోరు.

"ఇవన్నీ చేసే తీరిక ఎక్కడుంది?" అంటారు. నిజమే, ఆడోళ్ళు మనతో సమానంగా చేన్లో ఉంటారు, భారమంతా వాళ్ళ మీద వెయ్యొద్దు. ఆదివారం మనమే గింజలు వేయించి, బెల్లం వేసి దంచి ఉండలు చుడితే వారమంతా వస్తాయి. ఉలవ గుగ్గిళ్ళు, బొరుగులు, ఉడకబెట్టిన కాయలు, చెట్టు మీది జామకాయ, ఏది దొరికితే అది. బెల్లం కూడా తీపే, ఒక ఉండ చాలు, తిన్నాక నోరు పుక్కిలించమనండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు గింజలు అట్లే ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా దంచే పెట్టండి.

అంగడాయన మీద కోపం వద్దు, ఆయనా మన ఊరోడే. మనం అడిగితే చిక్కీలు, ఉండలు ఆయనే తెచ్చి పెడతాడు. కానీ ఒకటి చెప్పండి. ఉప్పు, నూనె, చక్కెర ఎక్కువున్న తిండి బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే నిబంధన తెచ్చారు.

విత్తనానికి మంచి కాయ ఏరి దాస్తాం, వచ్చే పంట బాగుండాలని. మన పిల్లోళ్ళు కూడా వచ్చే పంటే కదన్నా. మీ ఇంట్లో ఈ ఏడు పిల్లోళ్ళ మూట పక్కన పెట్టినారా లేదా, కింద రాయండి.