కాకిబంగారం మెరుపు ఎవరికి? మసి ఎవరికి?

ఐషాడో, లిప్‌స్టిక్, నెయిల్ పాలిష్‌లలో తళతళలాడే మెరుపు చాలావరకు అభ్రకానిదే. మన ఊళ్ళలో కాకిబంగారం అంటామే, అదే. సన్నటి అభ్రకం పొరలకి టైటానియం డయాక్సైడ్ పూత వేస్తే ముత్యంలాంటి నిగారింపు వస్తుంది.

విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపు పొడిని యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరులో నిషేధించింది. నీళ్ళలో, నేలలో చేరి పోకుండా ఉండిపోయే ప్లాస్టిక్ అది. మంచి పనే. అయితే ప్లాస్టిక్ తీసేసి 'సహజమైన' అభ్రకం వేస్తే పర్యావరణానికి మేలు చేసినట్టేనా? కాదంటాను నేను.

జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీహ్ జిల్లాలు అభ్రకానికి పేరుపడ్డవి. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత అడవుల్లోని గనులు చాలా మూతపడ్డాయి. తవ్వకం మాత్రం ఆగలేదు, చాటుకు పోయింది. స్త్రీలు, పిల్లలు పాత గుట్టల మీద, ఇరుకు గోతుల్లో 'ఢిబ్రా' అనే తుక్కు అభ్రకం ఏరి దళారులకు అమ్ముకుంటారు. 2016లో రెండు నెలల్లోనే ఏడుగురు పిల్లలు అక్కడ చనిపోయారని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. గనే అక్రమమైనప్పుడు చావుకు లెక్కెక్కడ? నష్టపరిహారం అడిగేదెవరిని?

కొన్ని కంపెనీలు కృత్రిమ అభ్రకానికి మారాయి. దానిలో మలినాలు తక్కువ, మెరుపు ఎక్కువ. కాబట్టి 'నాణ్యత దెబ్బతింటుంది' అన్న సాకు చెల్లదు. కానీ దాన్ని తయారు చెయ్యాలంటే ముడిసరుకును వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో కరిగించాలి. ఆ కరెంటు బొగ్గుదైతే పొగ ఇంకెవరి ఊరి మీదో పడుతుంది. అంతకంటే ముఖ్యం, కంపెనీలు చేతులు దులుపుకుని వెళ్ళిపోతే ఢిబ్రా ఏరే స్త్రీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? పిల్లల్ని గోతిలోంచి బయటకు తీసేది తల్లికి గిట్టుబాటయ్యే కూలి. కంపెనీ సీసా మీద అంటించిన ఆకుపచ్చ ముద్ర కాదు.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. తుక్కు గుట్టల మీద ఏరుకునే హక్కును స్త్రీల సహకార సంఘాలకు చట్టబద్ధంగా ఇవ్వాలి. ప్రభుత్వం కనీస ధర ప్రకటించాలి. వదిలేసిన గోతుల్ని పూడ్చి చెట్లు పెంచే పనిని వాళ్ళకే కూలి ఇచ్చి చేయించాలి. తమ అభ్రకం ఏ గుట్ట నుంచి వచ్చిందో కంపెనీలు బయటపెట్టాలి.

గూడూరు అభ్రకం గనులున్న రాష్ట్రం మనది. ఇది ఎక్కడో జార్ఖండ్ సంగతి అనుకుని ఊరుకోలేం. నేలనూ, దాన్ని తవ్వే స్త్రీనీ వేరు చేసి రాసుకున్న పర్యావరణ లెక్క ఏదైనా సరే, దొంగలెక్కే.