వాకిట నొక కావలి చాలదు

గిరిసోల గేటు సంగతి ఎరుగని తెలుగు కుటుంబము గంజాం జిల్లాలో లేదు. ఆంధ్ర సరిహద్దు దాటి, ఇచ్ఛాపురము మీదుగా వచ్చిన లారీలు అక్కడ ఆగి, కాగితములు చూపి, పిమ్మట బరంపురము వైపు సాగుట మన పెద్దలు చూచినారు, మనమును చూచినాము. అయితే ఒకసారి గేటు దాటిన లారీ తరువాత ఏ వీధిలో ఆగినదో, ఏ గోదాములో ఏమి దింపినదో గేటులోని గుమాస్తా ఎరుగడు. ఆసుపత్రులలోని కంప్యూటర్లకును, వాటితో ముడిపడిన వైద్యయంత్రములకును ఇన్నాళ్లుగా జరుగుచున్న కాపలా ఈ పద్ధతిదే. బయటి వాకిట నొక కావలి. లోపలికి వచ్చినదంతయు మనదే యను నమ్మకము. ఈ నమ్మకమే రోగుల ప్రాణములకు ముప్పుగా పరిణమించుచున్నదని మా అభిప్రాయము.

వెనుకటి రోజులలో రోగి మంచము ప్రక్కన సెలైను సీసా, ఉష్ణమాపకము, కేసుషీటు తప్ప మరేమియు ఉండెడివి కావు. నేడు గుండె కొట్టుకొనుటను చూపు మానిటరు, మందును కొలిచి నరములోనికి ఎక్కించు ఇన్‌ఫ్యూజన్ పంపు, ఊపిరి నందించు వెంటిలేటరు, స్కాను యంత్రములు, రక్తపరీక్ష యంత్రములు అన్నియు కంప్యూటర్లే. అవి ఒకదానితో నొకటి మాటలాడుకొనుచున్నవి. పేర్లు నమోదు చేయు కౌంటరు, బిల్లుల గది, మందుల కొట్టు కూడ అనేక ఆసుపత్రులలో అదే తీగకు కట్టుబడి యున్నవి. 1962లో వెలసి, నేడు మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరిట నడచుచున్న మన వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం, గజపతి, రాయగడ, కొందమాల్ జిల్లాలవారే గాక శ్రీకాకుళము జిల్లావారును వచ్చుచున్నారు. జబ్బు ముదిరినప్పుడు మనవారు విశాఖపట్టణమునకు పోవుటయు కలదు. కావున ఇది సరిహద్దుకు ఈవలావల నున్న మనవారందరి సమస్య.

ఇది ఎక్కడనో దూరదేశమున జరుగు వింత యని ఎవరును తలపరాదు. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై యను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి, తాళము తీయుటకు సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని పాలబడినవి. బరంపురము సిటీ ఆసుపత్రిలోని ఈ-మెడిసిన్ విభాగపు కంప్యూటరునకు కూడ అట్టి దెబ్బయే తగిలినట్లు ఆ వారమున పత్రికలు వ్రాసినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవకు కలిగిన నష్టమును ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయము అదే సంవత్సరము అక్టోబరులో లెక్కగట్టినది. 236 ఆసుపత్రి ట్రస్టులలో కనీసము 80 ట్రస్టుల పని చెడినది. సుమారు 19,000 మంది రోగుల అపాయింటుమెంట్లు రద్దయినట్లు అంచనా. 1,220 రోగనిర్ణయ యంత్రములకు కూడ ఆ తెగులు సోకినది. ఆ లోపమునకు విరుగుడును మైక్రోసాఫ్టు సంస్థ మార్చి నెలలోనే విడుదల చేసియుండెను. మందు ఇంటనుండియు త్రాగని రోగివలె, దానిని వేసుకొనని కంప్యూటర్లే చిక్కుబడినవి.

మన దేశములో ఇంతకంటె పెద్ద హెచ్చరిక 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చినది. అక్కడి సర్వర్లు మూతపడగా, వైద్యులు, సిబ్బంది రోజుల తరబడి కాగితము, కలము పట్టి పని నడిపిరి. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారమునకు తాళము పడినదనియు, నెట్‌వర్కును సరియైన భాగములుగా విభజింపకపోవుటయే ఇందుకు కారణమనియు కేంద్ర ప్రభుత్వము పార్లమెంటులో తెలిపినది. ఈ కడపటి మాటను పాఠకులు శ్రద్ధతో గమనింపవలెనని కోరుచున్నాము. ఒక గదిలో పడిన నిప్పు ఇల్లంతయు కాల్చుటకు కారణము నడుమ గోడలు లేకపోవుటయే.

శత్రువు బయటినుండియే రావలెనను నియమమును లేదు. చైనాలో తయారగు కాంటెక్ సి.ఎం.ఎస్. 8000 అను రోగి మానిటరు విషయమై 2025 జనవరి 30న అమెరికా ప్రభుత్వ సంస్థలు హెచ్చరిక జారీచేసినవి. ఆ యంత్రమును నెట్‌వర్కుకు తగిలించినంతనే, కర్మాగారములోనే దానిలో వ్రాసిపెట్టిన ఒక బయటి చిరునామాకు రోగి వివరములు పోవుచుండెనని తేలినది. ఇది కుట్ర కాదు, అజాగ్రత్తగా చేసిన నిర్మాణము మాత్రమేయని కొందరు పరిశోధకులు తరువాత చెప్పిరి. రోగికి మాత్రము రెండును ఒకటియే. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత యంత్రముల విషయమునను చెల్లుచున్నది.

ఈ రోగమునకు నిపుణులు సూచించు చికిత్స పేరు జీరో ట్రస్ట్. 2010లో జాన్ కిండర్‌వాగ్ అను అమెరికను పరిశోధకుడు ఈ పేరును ప్రచారములోనికి తెచ్చెను; 2020 ఆగస్టులో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ దీనికి ఒక పద్ధతి నేర్పరచి ప్రకటించినది. పేరు కఠినముగా నున్నను సూత్రము సులభము. లోపల నున్నది గదా యని దేనిని నమ్మరాదు. ప్రతి కోరికకు ముందు, అడుగుచున్నది ఎవరో, దేనికో విచారింపవలెను. పనికి ఎంత కావలెనో అంతకే అనుమతి ఈయవలెను. దొంగ ఇదివరకే లోపల నున్నాడనుకొని కాపలా కాయవలెను.

వైద్యయంత్రమున కిది ఎట్లు పొసగునని ప్రశ్న రావచ్చును. ఇన్‌ఫ్యూజన్ పంపు పాస్‌వర్డు చెప్పలేదు. పది పదునైదేండ్లు వాడుకలో నుండు స్కాను యంత్రములోని పాత ప్రోగ్రామునకు క్రొత్త రక్షణలు అతుకవు. కావున యంత్రము చేయలేని పనిని దాని చుట్టునున్న నెట్‌వర్కు చేయవలెను. పంపు తన మందుల సర్వరుతో తప్ప మరి దేనితోను మాటలాడరాదు. బిల్లుల గది కంప్యూటరు దానిని తట్టినచో తలుపు తెరువబడరాదు. స్కాను యంత్రము అర్ధరాత్రి వేళ తెలియని చిరునామాకు ఉత్తరములు పంపనారంభించినచో వెంటనే గంట మ్రోగవలెను. యంత్రము అమ్మిన కంపెనీవారు దూరమునుండి మరమ్మతు చేయదలచినచో, ఆ పనికి, ఆ గంటకు మాత్రమే దారి తెరచి, పని ముగిసినంతనే మూసివేయవలెను.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. ప్రాణము మీదికి వచ్చిన వేళ డాక్టరుగారు పాస్‌వర్డు కొట్టుచు కూర్చుందురా యనునది మొదటిది. ఇది న్యాయమైన భయమే. నెట్‌వర్కు తెగిపోయినను మానిటరు గంట మంచము వద్ద మ్రోగితీరవలెను. అత్యవసరమున వైద్యుడు అడ్డులేకుండ రికార్డు తెరచుటకు ప్రత్యేకమైన దారి యుండవలెను. ఆ దారిని ఎవరు, ఎప్పుడు వాడిరో పిమ్మట విచారించుటకు వ్రాత ఉండిన చాలును. తాళము రోగికిని వైద్యునికిని నడుమ పడరాదు. ఇంత ఖర్చు చిన్న నర్సింగుహోములు భరింపగలవా యనునది రెండవది. సంపూర్ణమైన ఏర్పాటునకు సొమ్ము కావలెననుట నిజమే. కాని ఏయే యంత్రములు తీగకు తగిలియున్నవో జాబితా వ్రాసికొనుటకు, కర్మాగారమునుండి వచ్చిన పాస్‌వర్డులను మార్చుటకు, గోడకంటించిన పాస్‌వర్డు చీటీలను చించివేయుటకు, రికార్డుల నకలు నొకదానిని తీగకు తగిలింపక వేరుగా దాచుటకు, కంప్యూటరు లేకుండ ఒక దినము పని నడుపుట సిబ్బందికి నేర్పుటకు ఎంత ధనము కావలెను? చూడవచ్చినవారికిచ్చు వై-ఫైను యంత్రముల నెట్‌వర్కునుండి వేరుచేయుటయు పెద్ద ఖర్చు కాదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ఇది చౌక.

ఇక మన భాషాల్పసంఖ్యాకుల కిందులో ప్రత్యేకమైన బాధ యొకటి కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినది మొదలు, ఈ గడ్డపై పుట్టి పెరిగియు కార్యాలయముల వద్ద మన మెవరమో మనమే నిరూపించుకొనుట మనకు అలవాటైనది. మనలో ఇంటిపేరు ముందు వచ్చును. ఒడియా సోదరులలో అది చివర వచ్చును. ఒకే ముసలమ్మ పేరు ఆధారు కార్డులో నొక విధముగను, రేషను కార్డులో మరొక విధముగను, ఆసుపత్రి చీటీలో మూడవ విధముగను పడుట మన మెరిగినదే. విచారణ పెరిగిన కొలది ఆ భారము ఇట్టివారిపై పడు ప్రమాదము కలదు. అనుమానము యంత్రముపై నుండవలెను గాని రోగిపై కాదు. పేరు సరిపడలేదని కంప్యూటరు చెప్పినంతమాత్రాన రోగిని బల్లపై కూర్చుండబెట్టి, ముందు కార్డు దిద్దించుకొని రమ్మనుట ఏ రక్షణయు కాదు.

మనవారును ఒక జాగ్రత్త నేర్వవలెను. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికిని ప్రారంభమైన నాటినుండి పదునాలుగంకెల ఆరోగ్యసంఖ్య నిచ్చుచున్నారు. దానిని తీసుకొనుట ఐచ్ఛికము. చదువరాని భాషలోనున్న కాగితముపై చూపినచోట సంతకము పెట్టుట, అడిగినవారికెల్ల ఓ.టి.పి. చెప్పివేయుట మన పెద్దలలో తరచుగా జరుగుచున్నది. ఇంటిలోని చదువుకొన్న పిల్లలు ప్రక్కనుండి, ఆ కాగితమున ఏమున్నదో తెలుగులో చదివి వినిపింపవలెను.

అధికారులను మన మడుగదగినవి మూడు ప్రశ్నలు. మంచము ప్రక్కనున్న యంత్రములకును బిల్లుల కంప్యూటర్లకును నడుమ గోడ యున్నదా? నెట్‌వర్కు పడిపోయిన దినమున రోగులను చూచుటకు కాగితపు ఏర్పాటు సిద్ధముగా నున్నదా? రోగుల వివరములు పోయినచో రోగులకు తెలియజేయుదురా, తెలుగువారికి తెలుగులో తెలియజేయుదురా? ఇవి గొంతెమ్మ కోరికలు కావు. కంప్యూటర్లపై దాడి జరిగినట్లు ఎరిగిన ఆరు గంటలలో కేంద్ర సంస్థయైన సెర్ట్-ఇన్‌కు తెలుపవలెనని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశములు శాసించుచున్నవి. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలో నున్న ఏ భాషయందైనను ప్రభుత్వాధికారులకు అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము మనకు ఇచ్చినది.

కావున సంఘ శాఖలవారు ఈ మూడు ప్రశ్నలను తెలుగులో వ్రాసి, క్రింద ఒడియా అనువాదము చేర్చి, తమ ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రుల అధికారులకు అందజేయవలెనని కోరుచున్నాము. ప్రైవేటు నర్సింగుహోముల యజమానులను పెద్దలు స్వయముగా కలిసి మాటలాడుట మేలు. వైద్యులపై మనకుగల గౌరవమునకు ఇందువలన లోటు రాదు. వారి చేతిలోని పనిముట్టు వారికి ద్రోహము చేయకుండవలెననియే మన కోరిక. వైద్యుని నమ్ముదము, యంత్రమును మాత్రము ప్రతిమారును ప్రశ్నించు ఏర్పాటు కోరుదము.